ఎడమ పక్క ఏముంది

శనివారం పొద్దున రంగనాథ్ సోఫాలో తల వెనక్కి వాల్చి కూర్చున్నాడు. కాత్యాయని ఆయన కనురెప్పను వేలితో పైకెత్తి మందు చుక్క వేస్తోంది. ఆయన నోరు మాత్రం ఆగడం లేదు.

"లండన్‌లో దిగుతాం. కారు తీసుకుంటాం. ముందు కాంటర్‌బరీ, అక్కణ్ణించి డోవర్ కోట. తర్వాత పడమటికి. వించెస్టర్, సాల్స్‌బరీ, స్టోన్‌హెంజ్. చివర్న బాత్. వింటున్నావా?"

"కదలకండి. చుక్క చెంప మీద పడింది."

"విన్నావా లేదా?"

"ఆర్నెల్లుగా వింటున్నాను. నిద్రలో కూడా డోవరే కలవరిస్తున్నారు. రెండో కన్ను తెరవండి."

కాకినాడ నుంచి సింగపూర్ వచ్చిన రంగనాథ్ ముప్పై ఏళ్లు షిప్‌యార్డులో క్రేన్ నడిపాడు. ఎప్పుడో మరమ్మతుకు వచ్చిన ఒక ఓడ కెప్టెన్ వెళుతూ వెళుతూ ఒక క్యాలెండర్ ఇచ్చాడు. అందులో దక్షిణ ఇంగ్లండు బొమ్మలు. కోటలు, పచ్చిక బయళ్లు, నిలబెట్టిన రాళ్లు, ఆకాశంలోకి పొడుచుకుపోయిన చర్చి శిఖరం. ఏడాది అయిపోయినా ఆయన దాన్ని పారేయలేదు. పేజీలు చింపి క్రేన్ క్యాబిన్‌లో అంటించుకున్నాడు. కింద ఇనుము మోత, పైన ఎండ, ఎదురుగా ఆ బొమ్మలు. రిటైరయ్యాక ఆ దారంతా తన చేతులతో కారు నడుపుకుంటూ వెళ్లాలని అప్పుడే అనుకున్నాడు.

రిటైరయ్యాడు. కానీ నిరుడు కంటి డాక్టరమ్మ గ్లకోమా అంది. పక్కల నుంచి చూపు తగ్గుతోందని, ఎడమ వైపు ఇప్పటికే చాలా పోయిందని, పోయింది తిరిగి రాదని, ఉన్నది నిలబెట్టుకోవడానికే ఈ చుక్కలని చెప్పింది. కారు నడపొద్దని కూడా చెప్పింది. ఆ గదిలో ఉన్నది భార్యాభర్తలిద్దరే. కూతురు భువన అడిగితే కళ్లు పొడిబారుతున్నాయని చెప్పారు.

రాబోయే జూలైతో ఆయనకు అరవై ఐదు నిండుతాయి. ఆ తర్వాత ఇక్కడ లైసెన్సు నిలవాలంటే డాక్టరు పరీక్ష చేసి సరేననాలి. ఆ పరీక్షలో ఏం తేలుతుందో ఆయనకు తెలుసు. అందుకే ప్రయాణం మే నెలలోనే పెట్టాడు.

కాత్యాయని ఎందుకు ఒప్పుకుందో ఆమెకే సరిగ్గా తెలియదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమెది సాగనంపే బతుకు. మొగుణ్ణి సింగపూర్ సాగనంపింది. తర్వాత తనే అందర్నీ వదిలి వచ్చింది. తల్లి పోతే విమానం అందక ఆఖరి చూపు దక్కలేదు. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని ఆయన చూపును కొంచెం కొంచెంగా సాగనంపుతోంది. అది పూర్తిగా వెళ్లిపోయేలోగా ఆ రాళ్లూ ఆ శిఖరమూ ఆయన చూస్తే చాలనుకుంది.

"కాఫీ ఏది?" రంగనాథ్ చెయ్యి చాపాడు.

"కుడి పక్కనుంది. ఎప్పుడూ అక్కడే పెడతాను కదా. చూసుకుని తీసుకోండి."

"చూస్తూనే ఉన్నాను. భయపడకు కాత్యా. క్రేన్‌లో కూర్చున్నవాడికి కింద సరుకు కనిపిస్తుందా? కనపడదు. కింద నిలబడ్డ సిగ్నల్‌మన్ చెబుతాడు. వాడి మాట మీద టన్నుల ఇనుము గాల్లో తిప్పాను. ఒక్కసారి తేడా రాలేదు. నువ్వే నా సిగ్నల్‌మన్. ఎడమ పక్క ఏముందో నువ్వు చెప్పు, స్టీరింగ్ నేను చూసుకుంటాను."

ఆ మాట ఆమెకు ఎంత ధైర్యమిచ్చిందో అంత దిగులూ పెట్టింది. బయట గేటు తాళం తీసిన చప్పుడైంది.

భువన జురాంగ్ వెస్ట్ నుంచి యీషున్‌లో ఉన్న అమ్మానాన్నల ఇంటికి తన కారు వేసుకుని వచ్చింది. చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు ఉద్యోగం. ఇక్కడే పుట్టి పెరిగింది. తల్లిదండ్రుల ఇంగ్లండ్ ప్రయాణం మాటెత్తితే ఆమెకు తలనొప్పి వస్తుంది.

"నాన్నా, మళ్లీ అడుగుతున్నా. టూర్ బస్సు బుక్ చేస్తే ఏమవుతుంది?"

"గొర్రెల్ని తోలినట్టు తోలతారు. పది నిమిషాల్లో ఫోటో దిగి ఎక్కమంటారు."

"మీరు యార్డు వదిలాక కారే ముట్టుకోలేదు. అక్కడ రోడ్లు ఇంత సన్నం, తెలుసా?"

"పద్ధతి ఒకటే. ఎడమ పక్కన నడపడమే."

భువన తల్లి వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పవేం అమ్మా?"

కాత్యాయని కాఫీ గ్లాసు కడుగుతూ ఉండిపోయింది.

"సరే. అయితే నాదొక కండిషన్," అంది భువన తాళం చెవి తండ్రి చేతికిస్తూ. "ఇవ్వాళ ద్వీపమంతా ఒక చుట్టు తిప్పండి. నేను వెనక కూర్చుంటా. నాకు ఓకే అనిపిస్తే ఇంక నోరెత్తను. లేదంటే బస్సే. డీల్?"

"చాంగీలో భోజనం చేసి వద్దాం," అన్నాడు రంగనాథ్ తాళం చెవిని గుప్పిట్లో బిగిస్తూ. ఆయన మొహం పసివాడి మొహంలా వెలిగింది. "జురాంగ్ మన వించెస్టర్ అనుకో. చాంగీ బాత్."

"మధ్యలో టోపాయో స్టోన్‌హెంజా?"

"మరే. అక్కడా రాళ్లే నిలబెట్టారు, ఇరవై అంతస్తులు."

కార్ పార్క్ దాటకముందే కాత్యాయని మొదలుపెట్టింది.

"ఎడమ పక్క ట్రాలీ తోసుకుని ఒకావిడ. ఆగండి. పోయింది. రండి. ఎడమ పక్క బస్సు. ముందు ఎర్ర లైటు."

"లైటు కనిపిస్తోంది."

"కుడి పక్క లారీ. లేదు, అది ఆగి ఉంది. ఎడమ పక్క స్కూటరు, స్కూటరు, వెళ్లనివ్వండి."

భువన మొదట నవ్వింది. జురాంగ్ వైపు తిరిగేసరికి నవ్వు పోయింది. అక్కడ వెనక్కి తిరిగి తూర్పు దారి పట్టేసరికి ఆమె రెండు చేతులతో కణతలు నొక్కుకుంటోంది. కాత్యాయని గొంతు ఎండిపోయి బొంగురుపోయినా ఆపలేదు. ముందు సీటు అంచున కూర్చుని, సీటుబెల్టు మెడకు ఒరుసుకుంటున్నా వంగి వంగి అద్దంలోకి, పక్కకి, మళ్లీ అద్దంలోకి చూస్తోంది.

"ఎడమ పక్క తెల్లకారు దగ్గరికి వస్తోంది. ఇంకా వస్తోంది."

"అమ్మా."

"పోయింది. ఎడమ పక్క ఖాళీ."

"అమ్మా, ప్లీజ్. నాన్న కళ్లు మూసుకుని నడుపుతున్నట్టు ప్రతిదీ చెప్పాలా? ఆయన బాగానే నడుపుతున్నారు. అసలు ప్రాబ్లం నువ్వే."

"నేనా?"

"నువ్వే. ఇలా చెవిలో పోరుతుంటే ఎవరికైనా యాక్సిడెంట్ అవుతుంది. మొన్న నేను నడుపుతున్నప్పుడు ఇలా చేశావా? లేదు. నాన్నంటేనే నీకు నమ్మకం లేదు. చిన్నప్పట్నించీ చూస్తున్నా. ఆయన ఏం చేసినా వెనక నీ కామెంటరీ ఒకటి. ఒక్క పది నిమిషాలు నోరు మూసుకోలేవా? జస్ట్ కీప్ క్వయట్ లా."

రంగనాథ్ ఏదో అనబోయి ఆగాడు. ఆయన ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. చెబితే ప్రయాణం అక్కడితో సరి.

కాత్యాయనికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎంత కోపం వచ్చిందంటే, ఆ కోపంలో భయం కూడా మునిగిపోయింది. మొగుడు తన గుట్టు దాచుకోవడానికి తనను గయ్యాళిని చేస్తున్నాడు. కూతురు అది నిజమని నమ్ముతోంది. సరే, అలాగే కానివ్వమనుకుంది. వెనక్కి ఆనుకుని పెదవులు బిగించింది. హైవే తిన్నగా ఉంది. వాహనాలు పలచబడ్డాయి. ఏమీ కాలేదు.

"చూశావా?" అంది భువన మెత్తగా. "ఎంత స్మూత్‌గా వెళ్తున్నామో."

చాంగీ విలేజ్ దగ్గర తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్ కార్ పార్క్‌లోకి ఎడమకు తిరగాలి. రంగనాథ్ సిగ్నల్ వేశాడు. కాత్యాయని అప్పటికే చూసింది. ఎడమ పక్కనే రోడ్డు అంచున ఒక ముసలాయన సైకిల్ తొక్కుకుంటూ వస్తున్నాడు. హ్యాండిల్‌కి కూరగాయల సంచీ వేలాడుతోంది. రంగనాథ్‌కి కనిపిస్తాడనే అనుకుంది ఒక క్షణం. స్టీరింగ్ తిరిగింది.

"ఏవండీ, సైకిల్."

"నాన్నా, స్టాప్."

రెండు గొంతులూ ఒక్కసారే లేచాయి. కారు కుదుపుతో ఆగింది. సైకిల్ ఒరిగి, ముసలాయన ఒక కాలు నేల మీద ఊని నిలదొక్కుకున్నాడు. సంచీలోంచి టమాటాలు రోడ్డు మీదికి దొర్లాయి. దెబ్బ తగల్లేదు. ఆయన ఎడమ కిటికీ దగ్గరికి వచ్చి వంగి చూశాడు. తిట్టలేదు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టు అడిగాడు.

"అంకుల్, యూ నెవర్ సీ మీ ఆ?"

రంగనాథ్ తల తిప్పి, ఇంకా తిప్పి, అప్పుడు గానీ ఆయన్ని చూడలేకపోయాడు.

భువన అది గమనించింది. కారు దిగి ముసలాయనకు క్షమాపణ చెప్పింది. టమాటాలు ఏరి సంచీలో వేసింది. తిరిగి వచ్చి తండ్రిని దింపి తనే కారు లోపల పెట్టింది. హాకర్ సెంటర్‌లో ఒక టేబుల్ మీద అది తమదని గుర్తుగా టిష్యూ ప్యాకెట్ పడేసి, వాళ్లిద్దర్నీ కూర్చోబెట్టి, తను నిలబడే ఉంది.

"ఎప్పట్నించి?"

రంగనాథ్ తల దించుకున్నాడు. భువన తల్లి వైపు తిరిగింది.

"కళ్లు పొడిబారుతున్నాయన్నావు అమ్మా. డ్రాప్స్ పేరు కూడా నేను చూడలేదు. నమ్మాను. ఎప్పట్నించి?"

"నిరుటి నుంచి," అంది కాత్యాయని.

"నిరుటి నుంచి నీకు తెలుసు. తెలిసి కారెక్కించావు. అక్కడి పల్లెటూరి రోడ్ల మీద నువ్వు ఎడమ పక్క, కుడి పక్క అని చెబుతూ వెళ్లేవాళ్లా? ఆ అంకుల్ కింద పడి ఉంటే ఏం చేసేదానివి?"

"నన్నడుగుతున్నావా?" అంది కాత్యాయని. "నోరు మూసుకోమన్నది ఎవరు? నిజం చెప్పనివ్వనిది ఈయన. చెబితే వినకుండా అరిచేది నువ్వు. మధ్యలో నేనెవర్నని? పోయిన చూపు తిరిగి రాదందా డాక్టరమ్మ. ముప్పై ఏళ్లు గోడ మీద బొమ్మల్లో చూసినవి ఒక్కసారి కళ్లతో చూడనిద్దామనుకున్నాను. బస్సంటే రాను పొమ్మంటాడు. నీకు చెబితే పంపవు. నేను మాత్రం ఏం చెయ్యను?"

భువన కుర్చీ లాక్కుని కూర్చుంది.

అంతసేపూ తల దించుకున్న రంగనాథ్ అప్పుడు నోరు విప్పాడు.

"మీ అమ్మను ఏమీ అనకమ్మా. తప్పు నాది." ఆయన గొంతు చాలా మెల్లగా ఉంది. "మా యార్డులో కొత్తవాడికి మొదటి రోజు నేర్పేది ఒకటే. సిగ్నల్‌మన్ గొంతు ఆగిందా, క్రేన్ ఆపు. ఎందుకాగిందని అడగొద్దు, ముందు ఆపు. ఎంతమందికి నేర్పానో. ఇవ్వాళ మీ అమ్మ గొంతు ఆగింది. ఎడమ పక్క నాకంతా ఖాళీగానే ఉంది. ఖాళీగా ఉందని కాదు, నాకు కనపడట్లేదని తెలుసు. తెలిసీ ఆపలేదు. నువ్వు బాగా నడుపుతున్నారన్నావు కదా, ఆ మాట ఇంకాస్త వినాలనిపించింది."

భువన చేతిలోని కారు తాళం వంక చూస్తూ అన్నాడు. "అది ఇంక నాకివ్వకు. అడిగినా ఇవ్వకు."

భువన ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, మూడు టీలు తెచ్చింది. ఆలోచించకుండా తండ్రి గ్లాసు ఎడమ పక్క పెట్టింది. కాత్యాయని మాట్లాడకుండా దాన్ని కుడి పక్కకు జరిపింది. భువన ఆ చెయ్యి పట్టుకుంది.

"సారీ అమ్మా. అసలు ప్రాబ్లం నువ్వే అన్నాను."

"అన్నావులే. తాగు, చల్లారిపోతుంది."

"నేను లీవ్ పెడతా. అక్కడ కారు నేను నడుపుతా."

"వద్దు," అంది కాత్యాయని. "మేమిద్దరం వెళతాం. బస్సులో. ఈయన రానంటే నేనొక్కదాన్నే వెళతాను."

రంగనాథ్ చివాలున తలెత్తాడు. "నువ్వొక్కదానివా? డోవర్‌కీ బాత్‌కీ తేడా తెలుసా నీకు?"

"మీరు చెప్పి చెప్పి తెలియకపోతే కదా. సాల్స్‌బరీ చర్చిలో పాత గడియారం ఉందన్నారు. దానికి మొహమూ లేదు, ముళ్లూ లేవు, పాతకాలంలో గంట కొట్టడమే దాని పని అన్నారు. టైము చూడ్డానికి కాదు, వినడానికే కదా అది. ముందు అక్కడికే పోదాం."

ఆయన టీ గ్లాసు ఖాళీ చేశాడు. తర్వాత, "కిటికీ సీటు నాకే," అన్నాడు.

తిరుగు దారిలో భువన నడిపింది. దగ్గర దారి వదిలేసి సముద్రం పక్క రోడ్డు పట్టుకుంది. తండ్రి ముందు కూర్చున్నాడు. కాత్యాయని వెనక సీట్లో, ఎడమ కిటికీ పక్కన. ఆమె నోరు మెదపలేదు. ఇంకెప్పుడైనా మాట్లాడితే ఆయనకు పోయిన చూపును గుర్తు చేసినట్టవుతుందని భయం పట్టుకుంది.

కారు పెద్ద వంతెన ఎక్కింది. కుడి పక్క ఊరంతా అద్దాల భవనాలతో మెరుస్తోంది. రంగనాథ్ అటు చూడలేదు. తల కొంచెం వెనక్కి వాల్చాడు, పొద్దున మందు చుక్కల కోసం వాల్చినట్టే.

"కాత్యా."

"ఊఁ."

"ఆగిపోయావేం? ఎడమ పక్క ఏముంది?"

ఆమె గొంతు సవరించుకుంది.

"సముద్రం," అంది. "ఓడలున్నాయి. బోలెడు. లంగరు వేసి నిలబడ్డాయి. ఒకదానికి రంగు ఊడిపోయి తుప్పు పట్టింది. మీ యార్డుకి రావాల్సిందే అది. దాని వెనక ఇంకోటి, ఎర్రది, కదులుతోంది."

"బయటికి పోతోందా, లోపలికి వస్తోందా?"

కాత్యాయని కళ్లు తుడుచుకుని కిటికీకి దగ్గరగా జరిగింది. బాగా చూసి చెప్పాలనిపించింది.

"వస్తోందండీ," అంది. "లోపలికే వస్తోంది."