ప్రభు బల్ల ముందు పాపమ్మ అడిగిన మాట

“నీ కాళ్లు మొక్కుత... ఈ ఒక్క ఆదివారం చర్చికి పోకు!” సువార్తమ్మ భర్తకు అడ్డంగా గుమ్మంలో నిలబడింది.

ఆశీర్వాదం జైలు నుంచి విడుదలై నాచారం బస్తీలో అడుగుపెట్టి రెండు రోజులైనా కాలేదు. ఏడేళ్ల కిందట కల్లు కాంపౌండ్ దగ్గర, తాగిన మైకంలో యాకోబును కత్తితో పొడిచి చంపినందుకు పడిన శిక్ష అది! మొగుడు ఎప్పుడొస్తాడా అని ఇన్నాళ్లూ ఫ్యాక్టరీలో ఒళ్లు హూనం చేసుకున్న ఇల్లాలికి, తీరా వచ్చాక సంతోషమేదీ? యాకోబు తల్లి పాపమ్మ ఉండేది పక్క గల్లీలోనే. “వాడు నా కండ్ల బడ్డ రోజే వాని ఆఖరి రోజు” అని యాకోబు తమ్ముడు కొమురెల్లి నలుగురిలో అన్నాడు. పైగా అందరిదీ ఒకే చర్చి!

“ప్రభు బల్ల కాడ రొట్టె, రసం ముట్టక ఏడేండ్లాయె. నేను పోత,” అన్నాడు ఆశీర్వాదం. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, చెబితే వినే మనిషి అయితేగా!

రేకుల చర్చిలో చాపల మీద ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. సువార్తమ్మకు పాటా వినపడలేదు, వాక్యమూ వినపడలేదు. చూపంతా కొమురెల్లి చేతుల మీదే! ప్రతి నెలా మొదటి ఆదివారంలాగే రొట్టె విరిచే ముందు పాస్టరయ్య అడిగారు. “ఒకరి మీద ఒకరికి పగ ఉంటే ముందు సమాధానపడండి. ఆ తర్వాతే బల్ల దగ్గరికి రండి.” మామూలుగా అయితే ఆ మాటకు అత్తాకోడళ్లు ముక్తసరిగా చేతులు కలుపుకుంటారు, ఇంటికెళ్లాక మళ్లీ మొదలే. కానీ ఈసారి ఆశీర్వాదం లేచాడు... నేరుగా వెళ్లి పాపమ్మ ముందు మోకాళ్లూనాడు!

కొమురెల్లి ఒక్క ఉదుటున లేచాడు. సువార్తమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి.

“కూసో, కొమురెల్లీ,” అంది పాపమ్మ. ఆశీర్వాదం మొహంలోకి సూటిగా చూసింది. “నా కొడుకు ఆఖరికి ఏమన్నడు? పోలీసోళ్లు చెప్పలె, వకీలు చెప్పలె. దగ్గర నువ్వొక్కనివే ఉన్నవు. చెప్పు!”

అబద్ధమాడవయ్యా... ‘నిన్నే తలుచుకున్నడు’ అని చెప్పవయ్యా! సువార్తమ్మ మనసులోనే చేతులు జోడించింది.

“నీళ్లడిగిండు, పెద్దమ్మా...” అన్నాడు ఆశీర్వాదం. “పక్కనే కుండ ఉండె. నేను ఇయ్యలె... భయంతోని ఉరికిన.”

పాపమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏ తల్లి వినగల మాట అది! చాలాసేపటికి ముఖం తుడుచుకుంది.

“నిన్ను మాఫ్ జేసుడు నాతోని గాదు. గని రేపటి సంది మా ఇంటికి నీళ్లు నువ్వే మొయ్యాలె. నా పానం ఉన్నన్ని దినాలు!”

ఆ ఇంట్లోనే కదా కొమురెల్లి ఉండేది! సువార్తమ్మ లేచి వచ్చి భర్త భుజం పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే బస్తీ నల్లా దగ్గర బిందె నింపి ఆశీర్వాదం భుజానికెత్తుకున్నాడు. “నిన్నొక్కన్ని పంపియ్య!” అంటూ సువార్తమ్మ కూడా వెంట నడిచింది.

పాపమ్మ గుమ్మంలో కొమురెల్లి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. దారి ఇవ్వడు. ఆశీర్వాదం భుజం మీది బిందెలో నీళ్లు తొణుకుతున్నాయి... సువార్తమ్మ భర్తను దాటి ముందుకొచ్చింది.

“నన్ను గొట్టు, కొమురెల్లీ! ముందు నన్ను గొట్టు!”

కొమురెల్లి ఆమెను చూశాడు... ఆమె వెనక బిందెలోంచి కారిపోతున్న నీళ్లను చూశాడు.

“జర తొవ్వ ఇడువు, వదినె. నీళ్లు ఒలుకుతున్నయి,” అని తనూ పక్కకు జరిగాడు.

ఆశీర్వాదం తల వంచుకుని లోపలికి వెళ్లాడు. బిందె ఒంపిన చప్పుడయింది. ఆ వెంటనే పాపమ్మ గొంతు...

“గోలెం నిండలె. ఇంకో బిందె తేండ్రి!”

సువార్తమ్మ ఖాళీ బిందె అందుకుని నల్లా వైపు పరుగెత్తింది.