గూటిలోకి వెళ్లిన సీసా

"నాలుగో మనిషి నీ కూతురు," అన్నాడు చీఫ్ గిరిప్రసాద్. "అయినా నిన్నే పంపుతున్నాను."

సైనిక్‌పురిలో ఓ రిటైర్డ్ కల్నల్ ఇల్లు అది. గేటుకు 'కుక్క ఉంది జాగ్రత్త' అని బోర్డు. కుక్క లేదు. దేశంలోని అతి రహస్యమైన ఆఫీసుల్లో ఒకటి ఉంది. ఏజెంట్ అబ్బయ్య కుర్చీ అంచున కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు, మూడు మారుపేర్లు. ఇంట్లో వాళ్లకు తెలిసినంతవరకు ఏసీ మెకానిక్.

చీఫ్ స్క్రీన్ మీద ఓ రేకుల షెడ్డు చూపించాడు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియా. బయటి నుంచి మూతపడ్డ ఫ్యాక్టరీ. లోపల 'గూడు'. అంటే గాలి చొరబడని స్టీలు గదులు, వాటిలో నలుగురు మనుషులు, నాలుగు వందల రోజులు.

"మార్స్‌కి వెళ్లి రావడానికి రెండున్నరేళ్లు, అబ్బయ్యా. అంత తిండిని ఏ రాకెట్టూ మోయలేదు. పండించుకుని తినాలి. తిన్నదీ, విసర్జించిందీ మళ్లీ పంటకే పోవాలి. వీళ్ల ఊపిరి మొక్కలకి, మొక్కల ఊపిరి వీళ్లకి. కొర్రలు, పుట్టగొడుగులు, నీటి నాచు, అంతే మెనూ. మందులు తప్ప బయటి నుంచి ఒక్క గింజ గానీ, ఒక్క చుక్క గానీ లోపలికి వెళ్లకూడదు. నెగ్గితే అంతర్జాతీయ మార్స్ మిషన్‌లో తిండి బాధ్యత మనది."

"నెగ్గకపోతే?"

"ఆర్చర్డ్‌ది."

అబ్బయ్యకు ఆ పేరు కొత్త కాదు. యూరప్‌లో ఆఫీసు, దేశానికో బోర్డు ఉన్న ముఠా అది. ఎక్కడ కొత్త పంట తల ఎత్తితే అక్కడ దానికి తెగులు తగులుతుంది. ఆ తెగులు తగలని విత్తనం ఆర్చర్డ్ దగ్గర మాత్రమే దొరుకుతుంది.

చీఫ్ ఇంకో ఫొటో వేశాడు. దుబాయ్ హోటల్ లాబీ, ఎర్ర గౌను, భుజాల మీద జుట్టు. పక్కనున్న మగవాళ్లలో ఒక్కడూ కెమెరా వైపు చూడటం లేదు. "లిల్లీ. డబుల్ ఏజెంట్. వాళ్లకు పని చేస్తుంది, మనకు సమాచారం ఇస్తుంది. ఇచ్చినప్పుడల్లా నిజమే ఇస్తుంది, అదే ఇబ్బంది. 'ఉప్పల్‌లో వాన పడుతోందా' అంటే నువ్వు 'స్టేడియం వైపే పడుతోంది' అనాలి."

తర్వాత సామాన్లు ఇచ్చారు. చెవి మిషన్ రూపంలో రిసీవర్. ఓ టెస్టర్ స్క్రూడ్రైవర్, నాలుగు వందల రకాల విషాల్లో ఏది దగ్గర్లో ఉన్నా ఎర్రగా వెలుగుతుంది. వేషం ప్రత్యేకంగా ఇవ్వలేదు. ఏసీ మెకానిక్ అబ్బయ్య, ఏసీ మెకానిక్‌గానే షెడ్డులో చేరాడు.

ఆరు వారాలు. వాటర్ లైను, గాలి ఫిల్టర్లు, కేబుళ్లు, మందుల హ్యాచ్ అన్నీ చూశాడు. హ్యాచ్ అంటే రెండు తలుపుల చిన్న అర. మందులు పెట్టి మూస్తే నీలిరంగు దీపం వెలిగి పైనున్న క్రిములను చంపుతుంది. తర్వాత లోపలి తలుపు తెరుచుకుంటుంది. ఎక్కడా లోపం దొరకలేదు. లోపం దొరకని చోట ఏజెంటుకు నిద్ర పట్టదు.

సాయంత్రాలు మాత్రం బాగుండేవి. కంట్రోల్ రూమ్‌లో ఏసీ బాగు చేస్తున్నట్టు నిలబడితే స్క్రీన్ మీద మరియా కనిపించేది. మోకాళ్ల ఎత్తు కూడా లేని కొర్ర మొక్కలు, ఎర్రటి లైట్లు, వాటి మధ్య కూతురు. ఆ పొట్టి కొర్ర ఆమె తొమ్మిదేళ్లు కూర్చుని తయారు చేసిన రకం. దాని విత్తనమంతా గూట్లోనే ఉంది. చిన్నప్పుడు స్కూలు ఫంక్షన్లకు ఒక్కదానికీ వెళ్లని తండ్రి ఇప్పుడు రోజుకు గంటసేపు కూతురిని చూస్తున్నాడు. అందుకు అతనికి సిగ్గుగానూ ఉంది, సంతోషంగానూ ఉంది.

కానీ చూసేదంతా పాతదే. మార్స్ దూరాన్ని అలవాటు చేయడానికి గూటికీ బయటికీ మధ్య పద్నాలుగు నిమిషాల ఆలస్యం పెట్టారు. మాట వెళ్లడానికి పద్నాలుగు, బొమ్మ రావడానికి పద్నాలుగు. ఆలస్యాన్ని తీసేసే స్విచ్ లేదు. ప్రతి మాటా రికార్డవుతుంది, మూడు దేశాల పరిశీలకులు వింటూ ఉంటారు.

రెండు వందల తొంభై ఎనిమిదో రోజు, సోమవారం, అబ్బయ్య చిల్కానగర్‌లోని ఇంటికి వెళ్లేసరికి ప్రార్థన జరుగుతోంది. తెల్ల నూలు చీర, మెడలో ఏమీ లేదు, నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు. కొత్తగా వచ్చిన సిస్టర్ విక్టోరియా అట. మూడు నెలలుగా ఆదివారం ఆదివారం చర్చికి వస్తోందట. ఆమె కళ్లు మూసుకుని మరియా పేరు చెప్పి ప్రార్థిస్తుంటే భార్య సువార్త కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఇగో వింటున్నవా," అంది సువార్త తర్వాత, ఓ చిన్న సీసా చేతిలో పెట్టి. "ప్రార్థన నూనె. గురువారం పిల్ల విత్తనం ఏస్తదంట గదా. మీ నాయిన ఊళ్లో ఏసేముందు గింజల మీద నూనె ముట్టిచ్చెటోడు. పిల్లకు గది యాదుంటది. ఆ ఆఫీసుల పన్జేస్తున్నవ్, నీకు తెల్సినోళ్లెవరు లేరా?"

అబ్బయ్య టెస్టర్ పెట్టి చూశాడు. వెలగలేదు. భార్య ఆరు వారాల్లో అడిగింది ఇదొక్కటే. సిస్టర్‌ను స్కూటర్ మీద హబ్సిగూడ మెట్రో దాకా దింపాడు కూడా. ఎర్ర గౌనులో ఉన్న ఆమె ఫొటో ఆరు వారాలుగా అతని జేబులోనే ఉంది.

మర్నాడు సెక్యూరిటీ గార్డు బాలనర్సింహకు సీసా చూపించాడు. ఆ షెడ్డు ఉన్నచోట ఒకప్పుడు జొన్న వేసిన కుటుంబం బాలనర్సింహది.

"రూల్ లేదన్నా," అన్నాడు బాలనర్సింహ. కాసేపు సీసాను అటూ ఇటూ తిప్పాడు. "మా అమ్మ గూడ ఇత్తనాలకు పసుపు రాసేది. ఆడపిల్ల పది నెలల నుంచి లోపలుంది. ఆశీర్వాదానికి అడ్డం జెప్తమా. తే, అమ్మ పంపిందని చీటి రాసి మందుల డబ్బల పెడ్త."

ఆ సాయంత్రం స్క్రీన్ మీద మరియా కెమెరా వైపు చూసి, "అమ్మకు జెప్పండి, అందింది. గురువారం నాలుగింటికి," అని నవ్వింది. అబ్బయ్యకు కడుపు నిండినట్టయింది.

గురువారం మధ్యాహ్నం మూడింటికి చెవి మిషన్ పలికింది. ఉప్పల్ స్కైవాక్. లిల్లీ కలుస్తానంటోంది.

కింద ఉప్పల్ చౌరస్తా ఎండలో హారన్లు కొడుతోంది. స్కైవాక్ రెయిలింగు పక్కన తెల్ల చీరలో సిస్టర్ విక్టోరియా నిలబడి ఉంది. అబ్బయ్య నమస్కారం పెట్టబోయాడు.

"ఉప్పల్‌లో వాన పడుతోందా?" అంది ఆమె.

అతను చేతులు దించాడు. "స్టేడియం వైపే పడుతోంది," అన్నాడు.

"నూనెలో బూజు తెగులు ఉంది. సీసాలో ఉన్నదానికి హ్యాచ్ దీపం తగలదు. మీ టెస్టర్ విషాన్ని పడుతుంది, ఇది విషం కాదు. ప్రాణమున్నది. గింజల మీద పడితే వారంలో పంటంతా పోతుంది, విత్తనంతో సహా. తర్వాత లోపల గాలి తగ్గుతుంది." ఆమె వాచీ చూసింది. "మూడూ పద్దెనిమిది. ఇంకా టైముంది."

"ఇప్పుడెందుకు జెప్తున్నవ్?"

"మీ చీఫ్‌కి మాట ఇచ్చాను. ముందే నిజం చెబుతానని."

"ముందే అంటే గిదా?"

"మీరు ఊరుకుంటే పంట పోతుంది. లోపలికి చెబితే, బయటి వస్తువు వెళ్లిందని మూడు దేశాలు వింటాయి. టెస్ట్ రద్దు. ఎలా జరిగినా ఆర్చర్డ్‌కు నష్టం లేదు." ఆమె చీర కొంగు సర్దుకుంది. "మీ భార్య మంచి మనిషి. ఆ ఇంట్లో నేను తిన్న అన్నం గురించి అబద్ధం చెప్పను."

మెట్రో వైపు నడిచింది. పట్టుకుంటే పది నిమిషాలు. ఆ పది నిమిషాలు అబ్బయ్య దగ్గర లేవు. ఏసీ మెకానిక్ ఫోన్ చేసి చెబితే కంట్రోల్ రూమ్‌లో ఎవరూ నమ్మరు. మెట్లు దిగి ఆటో ఎక్కాడు.

ఆటో చిల్కానగర్ సందుల్లోంచి నాచారం చేరేసరికి మూడూ నలభై. డైరెక్టర్ గోపాలరావు విషయం విని గడియారం వైపు చూశాడు.

"తలుపు తీయడానికి గంట పడుతుంది. గోడలు కొట్టినా ఫ్యాన్ల హోరులో వినపడదు. మైకు ఒక్కటే దారి. మూడూ నలభై ఆరు లోపు మాట్లాడాలి." గొంతు తగ్గించాడు. "నూనె అనకుండా ఏదైనా చెప్పలేమా? మీ ఇద్దరికే తెలిసిన మాట ఏదైనా?"

అబ్బయ్య ఆలోచించాడు. విత్తనం వాయిదా వేయమని మాత్రమే చెబితే, ఆ నూనె సాయంత్రం నుదుటికి రాసుకుంటుంది. చేతులు కడుక్కున్న నీళ్లు కూడా పంటకే పోతాయి. ఇంకేదైనా గుర్తు చెప్పాలి. ఊరి పేరా, చిన్నప్పటి ముద్దుపేరా, ఆడిన ఆటా? ఉద్యోగంలో యాభై కోడ్ వర్డ్‌లు మార్చిన మనిషికి సొంత కూతురితో ఒక్కటీ లేదు. ఎప్పుడు కూర్చుని మాట్లాడాడని ఉంటుంది?

మూడూ నలభై ఐదు దాటి యాభై సెకన్లు. మైకు నొక్కాడు.

"మరియా, నేను డాడీని. అమ్మ పంపిన నూనె ముట్టకు. అండ్ల తెగులుంది. పంపింది నేనే బిడ్డా. మూత బెట్టి సంచిల గట్టు."

మూడు దేశాల్లో విన్నారు. పరిశీలకుల ఎర్ర ఫోన్ అప్పుడే మోగడం మొదలైంది. గోపాలరావు ఎత్తలేదు.

ఇక ఇరవై ఎనిమిది నిమిషాలు చేయగలిగింది ఏమీ లేదు. నాలుగు గంటలకు స్క్రీన్ మీద మరియా ఇంకా మూడూ నలభై ఆరులోనే ఉంది, ట్రేలు తుడుస్తూ. అప్పటికే లోపల అసలు మరియా నూనె ముట్టిందో లేదో, అది జరిగిపోయింది. జరిగిపోయినదాని కోసం ప్రార్థించవచ్చో లేదో అబ్బయ్యకు తెలియదు. అయినా ప్రార్థించాడు. బాలనర్సింహ తలుపు దగ్గర టోపీ చేతిలో పట్టుకుని ఏడుస్తున్నాడు.

నాలుగూ పదమూడు. తెర మీద మరియా సీసా తీసింది. మిగతా ముగ్గురూ చుట్టూ నిలబడి తలలు వంచారు. మూత తీసింది. వేలు ముంచింది. వేలు మొదటి ట్రే మీదికి వెళ్లింది. గింజలకు బెత్తెడు దూరంలో లోపలి స్పీకరు పలికింది, అతని గొంతుతోనే.

వేలు ఆగిపోయింది.

మరియా కదలకుండా చివరి మాట దాకా వింది. రెండో చేతిని వేలి కింద దోసిలిగా పట్టి వెనక్కి జరిగింది. వేలు గుడ్డతో తుడిచి, గుడ్డనూ సీసానూ సంచిలో వేసి బిగించింది. అప్పుడు కెమెరా వైపు చూసి, "డాడీ, నువ్వేంది గీడ?" అంది.

జవాబుకు మళ్లీ పద్నాలుగు నిమిషాలు. అంతలోపే టెస్ట్ రద్దయినట్టు మెసేజ్ వచ్చింది.

తలుపు ఆరింటికి తెరిచారు. మూడు వందల ఒకటో రోజు. మరియా మెట్ల మీద కూర్చుంది. నాచారం గాలికి దగ్గు వచ్చింది. ఏం తింటావమ్మా అని బాలనర్సింహ నాలుగుసార్లు అడిగాడు. ఏమీ వద్దంది.

"ఏసీ మెకానిక్ గాదు గదా నువ్వు," అంది తండ్రితో.

"గాదు."

"అమ్మకు తెల్సా?"

"తెల్వదు."

"నువ్వు గిసొంటి పన్జేస్తవని ముందే జెప్తే, బయటికెల్లి వచ్చినదాన్ని జర అనుమానించేదాన్ని." నూనె ముంచిన వేలిని చూసుకుంది. "రూల్స్ రాసింది నేను డాడీ. హ్యాచ్‌ల మందులు దప్ప ఏం రావొద్దని రాసింది నేనే. అమ్మ చేతిది గదా అని మూత దీసిన. తొంబై తొమ్మిది దినాలే మిగిలినయి."

"విత్తనం బతికింది బిడ్డా."

"బతికింది. యాడ ఏస్త? పదిహేనేండ్ల దాక ఎవ్వలు ఇంకో గూడు కట్టరు."

అబ్బయ్య పక్కన కూర్చున్నాడు. ఆమె తల అతని భుజం మీద వాల్చలేదు, కానీ జరగనూ లేదు.

చెవి మిషన్‌లో చీఫ్ గొంతు వచ్చింది. "కంగ్రాట్స్ అబ్బయ్యా. తెగులు ఆపావు, విత్తనం కాపాడావు. రికార్డు ప్రకారం మిషన్ సక్సెస్. మార్స్ కాంట్రాక్టు ఆర్చర్డ్‌కే పోయింది, అది వేరే డిపార్ట్‌మెంటు చూసుకుంటుంది. లిల్లీ దొరకలేదు. మైకులో 'పంపింది నేనే' అన్నావు, కూతుర్ని ఆపడానికి అన్న మాటగా రాసుకున్నాను. ఫైలు మూయడానికి ఒక్కటే మిగిలింది. సీసాను లోపలికి చేర్చిన వాళ్ల మనిషెవరు? పేరు తెలిసిందా?"

"తెలిసింది సార్," అన్నాడు అబ్బయ్య. "రేపు పొద్దున తొమ్మిదింటికి వచ్చి లొంగిపోతాడు. ఇయ్యాల కూతుర్ని ఇంట్ల దింపి, పెండ్లానికి సంగతి చెప్పాల్నట. జర టైమియ్యమంటున్నడు."