గడప అడిగిన ఆధారం

గడప మీద పాదం మోపే ముందు ఊపిరి నెమ్మదిగా వదలమని ఈశ్వరి మరోసారి చెప్పింది. ఇల్లు కొనేవాళ్లకు తోడుండే కొనుతోడుగా ఆమెకిది పదకొండో ఏడు. ఇళ్లు వెతికిపెట్టడం కంటే, ఇళ్లకు నచ్చేలా మనుషుల్ని సిద్ధం చేయడమే ఆమెకు పెద్ద పని. సముద్రం మీద తేలే ఈ భీమిలి తేలునగరంలో ఇంటి గడపే కొనేవాళ్ల నాడి చదువుతుంది, వాళ్ల పొందిక లెక్క కడుతుంది, ఆ తర్వాతే తలుపు తీస్తుంది.

తవిటయ్యకూ మేనకకూ పెళ్లయి నలభై రోజులు. ఇప్పటికే రెండు గడపలు కాదన్నాయి. ఈ మూడోదీ కాదంటే ఇళ్ల వరసలో వాళ్ల వంతు ఏడేళ్లు వెనక్కి పోతుంది. అంతవరకూ అతను మగవాళ్ల వసతిలో, ఆమె ఆడవాళ్ల వసతిలో.

ఇద్దరూ చెప్పులు విడిచి గడప ఎక్కారు. గాజు తలుపులోంచి పడకగది, దాని కిటికీ నిండా సముద్రం కనిపించాయి. అంతే, ఈశ్వరి నేర్పినవన్నీ గాలికి పోయాయి.

"కిటికీ పక్క నాను పడుకుంతాను," అంది మేనక.

"మొద్దు నిద్ర నీది. అలలు నీకేటి ఇనబడతాయి?"

"నీ గురక్కి అలలే పారిపోతాయి బావా."

మాటకు మాట పెరిగింది. నాడులు ఎగిరాయి. గడప ఎర్రబడి, కలహ సూచన అని ప్రకటించింది. తిరస్కారం ఖరారు కావడానికి తొంభై క్షణాలు. మేనక మొహం పాలిపోయింది. తప్పంతా ఆమెదేనని గొణుగుతూనే తవిటయ్య వెనక్కి వంగి, అల జల్లు పడుతున్న చోటు నుంచి ఆమె చెప్పుల్ని పొడినేల మీదికి జరిపాడు. తనవి అక్కడే తడుస్తున్నాయి.

గడప దగ్గర కొనుతోడు నోరు మెదపకూడదు. అయితే తలుపు పక్కన 'మానవ సాక్ష్యం' అనే మీట ఒకటుంది. సాక్ష్యం నిలవకపోతే కొనుతోడు అనుమతిపత్రం రద్దవుతుందని ఇన్నేళ్లలో ఎవరూ దాన్ని తాకలేదు. ఈశ్వరి దాన్ని నొక్కింది.

"ఆధారం?" అంది గడప.

"దెబ్బలాడతానే పెళ్లాం చెప్పులు తడవకండా తీసినాడు. అది నాను సూసినాను."

చెప్పులకు గడప దగ్గర కొలమానం లేదు; చూసిన మనిషి మాటే దానికి మిగిలింది. ఎరుపు వణికింది, వెలిసిపోయింది. తలుపు తెరుచుకుంది.

ఆ వీధిలో కాదని మూసుకున్న తలుపులన్నీ ఒక్కొక్కటే వెలగసాగాయి. ఇన్నాళ్లూ నాడి తప్ప ఏదీ అడగని గడపలు దారిన పోయేవాళ్లను ఆపి అడుగుతున్నాయి:

"మిమ్మల్ని ఎరిగినవారెవరైనా ఉన్నారా?"