మెడ గుండ్రమా, చదరమా

వెర్నా పొయ్యి మీంచి మొక్కజొన్న రొట్టె దించేసరికే బల్ల దగ్గర భర్తకీ కూతురికీ తగువు మొదలైపోయింది. టెనెసీ కొండల్లోని ఆ ఇంట్లో పొద్దున్నే తగువు వినబడిందంటే అందరూ కులాసాగా ఉన్నారని లెక్క. నిరుటినుంచీ ఆ ఇల్లు నోరు మూసుకునే బతికింది మరి.

"వాల్‌నట్ చెక్క వేస్తే నా గిటార్ గొంతు మెత్తబడుతుంది నాన్నా. నాకు మేపుల్ కావాలి," అంది రొవీనా.

"మేపుల్ కీచుమంటుంది. రెండేళ్లు పోయాక నువ్వే తిడతావు."

"తిట్టడానికి రెండేళ్లెందుకు, ఇప్పుడే తిడతాను."

ఆర్విల్ నవ్వాడు. అతను చేసేవి రెజొనేటర్ గిటార్లు. చెక్క పెట్టె కడుపులో పళ్లెమంత అల్యూమినియం గిన్నె కూర్చోబెడతాడు. తీగ మీటితే ఆ గిన్నె అదిరి, పాట వాకిలి దాటి వాగుదాకా వినబడుతుంది. గిన్నె చుట్టూ లోపల చెక్క కట్టు కట్టాలా, కడుపు ఖాళీగా వదిలి చిన్న గుంజలతో సరిపెట్టాలా అని కూడా కాసేపు దెబ్బలాడుకున్నారు. కట్టు పెడితే పాతకాలపు గట్టి గొంతు. వదిలేస్తే మంద్రం నిండుగా పలుకుతుంది. చివరికి కూతురి మాటే నెగ్గింది. మేపుల్ చెక్క, గుంజలు.

తీగలు సాగే పొడుగు చెక్క, గిటార్ మెడ, దాని మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

నిరుడు ఆకులు రాలే రోజుల్లో తండ్రికి సాయం చేస్తూ ఉండగా రొవీనా ఎడమ చెయ్యి రంపం మిషన్‌లో పడింది. డాక్టర్లు వేళ్లు దక్కించారు కానీ, చివరి రెండూ వంగవు. పుల్లల్లా నిటారుగా నిలబడి ఉంటాయి. ఏడాదిలోపు కదిలితే కదిలినట్టు, లేదంటే ఇంతే అన్నారు. ఆ ఏడాది కిందటి వారమే నిండింది. ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు.

గుండ్రటి మెడ గిటార్‌ని రొమ్ముకి ఆనించుకుని వేళ్లతో తీగలు నొక్కాలి. చదరపు మెడదైతే ఒళ్లో పడుకోబెట్టుకుని ఉక్కు కడ్డీ జార్చుతూ వాయించాలి. కడ్డీ పట్టడానికి మూడు వేళ్లు చాలు. రొవీనా చిన్నప్పటినుంచీ గుండ్రటి మెడ మనిషి.

ఫలహారం అయ్యాక వెర్నా కాఫీ పట్టుకుని గిటార్లు చేసే షెడ్డులోకి వెళ్లేసరికి ఆర్విల్ మెడ చెక్క అంచులు చెక్కడానికి కత్తి ఎత్తి ఉన్నాడు. రొవీనా చెక్క మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"అంచులు తియ్యకు నాన్నా. చదరంగానే ఉండనీ."

"చెయ్యి తియ్యి. గుండ్రంగానే చేస్తాను. తీగలు పైకి లేపే ముక్క ఒకటి పెట్టిస్తా, అందాకా ఒళ్లో పెట్టుకుని వాయించుకో. వేళ్లు వచ్చాక ఆ ముక్క తీసేద్దాం."

"అలా అడిగినవాళ్లని నువ్వే తిట్టి పంపుతావు కదా! ఒళ్లో వాయించే శ్రుతికి బిగిస్తే గుండ్రటి మెడ వంగిపోతుందని!"

"వాళ్లు వేరు."

"నేనేం వేరు?"

"పోనీ ఆర్విల్, ఇప్పటికి చదరంగానే ఉంచు," అంది వెర్నా. "వేళ్లు బాగయితే అప్పుడు చెక్కొచ్చు. చెక్కేసింది మళ్లీ అతికించలేం కదా." బహు తెలివిగా సర్దిచెప్పాననుకుంది పాపం.

"వద్దమ్మా. నాన్నకి ఆ ఆశ పెట్టకు."

ఆర్విల్ కత్తి బల్ల మీద విసిరేశాడు. "చదరం చేశానంటే నా చేతులతో నీ వేళ్లు పూడ్చిపెట్టినట్టే! నేను చెయ్యను!"

"అవి పోయి చాలా రోజులైంది నాన్నా," అంది రొవీనా. "నేనొక్కదాన్నే ఏడ్చి, నేనొక్కదాన్నే పూడ్చుకున్నాను. మీరిద్దరూ ఇంకా రానేలేదు."

వెర్నా కాఫీ బల్ల మీద పెట్టేసింది. పొద్దున లేస్తే చాలు, 'ఇవాళ కాస్త కదిలాయా తల్లీ' అని తను నవ్వుతూ అడిగేది. పిల్ల 'ఏమో, కొంచెం' అని నవ్వేది. ఆ నవ్వు తనకోసమే తెచ్చిపెట్టుకుందని ఇప్పుడు తెలిసొచ్చింది. ఏడాదిపాటు ఆశ పేరు చెప్పి కన్నబిడ్డని దుఃఖంలో ఒంటరిగా వదిలేశామే అని గుండె చెరువైంది.

"నాకు పాట కావాలి నాన్నా," అంది రొవీనా. "ఎలా వస్తే అలా."

ఆర్విల్ బయటికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నందాకా పెరట్లో కట్టెలు కొడుతూనే ఉన్నాడు. తర్వాత వచ్చి మెడ చెక్క నాలుగు పక్కలా చిత్రిక పట్టి చదును చేశాడు. కిటికీలోంచి చూస్తున్న వెర్నాకి అతని భుజాలు కదలడం కనబడింది. అది పనివల్లో ఏడుపువల్లో ఆమె అడగలేదు.

తొలి మంచు పడేవేళకి గిటార్ పూర్తయింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక రొవీనా దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఉక్కు కడ్డీతో ఒక నెమ్మది కీర్తన ఎత్తుకుంది. మేపుల్ గొంతు ఖంగుమంది. కానీ ప్రతి స్వరం వెనకా ఏదో జీర. కడ్డీ జరిగేకొద్దీ దాని వెనక తీగల్ని మిగతా వేళ్లతో మెత్తగా అణచాలి. అణచకపోతే అవీ మోగుతాయి. అణచవలసిన రెండు వేళ్లూ గాలిలో నిలబడి ఉన్నాయి.

ఆర్విల్ ముందుకు వంగాడు. "తీగల కింద గుడ్డముక్క దూర్చనా?"

"ఎక్కడని దూరుస్తావు? కడ్డీ ఒకచోట ఉండదుగా. నాకు ఇలాగే వస్తుందిలే."

ఆర్విల్ పీట లాక్కుని కూతురికి ఎడమ పక్కన కూర్చుని, వంగి, తన వేళ్లు రెండు కడ్డీ వెనక తీగల మీద ఆనించాడు.

"పద. మెల్లిగా."

రొవీనా కడ్డీ జరిపింది. ఆ వేళ్లూ వెనకే జరిగాయి. జీర పోయింది.

"వెనకబడుతున్నావు నాన్నా," అంది ముక్కు ఎగబీలుస్తూ.

"నువ్వు ఆగకు."

వెర్నా వచ్చి భర్త వీపు మీద చెయ్యి వేసింది. కీర్తన అయ్యేదాకా అతను వెక్కి వెక్కి ఏడుస్తూనే ఉన్నాడు, తీగల మీంచి వేళ్లు మాత్రం తియ్యలేదు.