బ్రిస్బేన్ బీచ్ ఇంట్లో పసిబిడ్డ ఏడుపు

ఆ ఇంట్లో రెండో రాత్రి ఎవురూ పండుకోరంట. ఈడ కువైట్‌లో, మా సల్వాలో కాదులేమ్మా, జడుసుకోవద్దు... ఆస్ట్రేలియాలో. బ్రిస్బేన్ అని పెద్ద సిటీ ఉందంట. దానికి గంట దూరంలో, సముద్రం ఒడ్డున, ఒంటి ఇల్లు. పొద్దు గుంకితే చాలు, పెరట్లో పసిబిడ్డ ఏడుస్తుంది. పోయి చూస్తే — బిడ్డ ఉండదు!

ఇదంతా నాకు చెప్పింది మా పక్క విల్లాలో పనిచేసే సంజీవమ్మక్క. రాయచోటి మనిషి, అబద్ధాలు చెప్పదు. కొంచెం ఉప్పూకారం చల్లుతుంది, అంతే. మొన్న ఇద్దరమూ చెత్త సంచులు పడేయను బయటికొచ్చినాము. ఆ డబ్బాల కాడనే నిలబడి మొత్తం చెప్పేసింది. లోపల్నుంచి మా మామా, అదే మా ఇంటి యజమానురాలు, "వెంకటేశ్వరీ!" అని ఒకటే అరుపులు. నేను పలికితే కదా!

మనకీడ ఎండలు మాడ్చేస్తాంటే ఆడ చలికాలమంట. అందుకని సంజీవమ్మక్క వాళ్ల మామా, ఆమె మొగుడు బాబా, ఐదేండ్ల కూతురు యాస్మిన్ సెలవలకి ఆడికి పోతా, అక్కను కూడా ఎంటబెట్టుకుని పోయినారు. ఏంటికంటే, అక్క పక్కన లేకుంటే యాస్మిన్‌కు నిద్ర రాదు. పుట్టినప్పట్నుంచీ అక్క చెయ్యి పట్టుకుని పండుకోవడమే అలవాటు.

తంటా అంతా ఆడనే. అక్క కూతురు రమాదేవికి తొలి కాన్పు, నెలలు నిండినాయి. తల్లి కాకుంటే ఎవురు చేస్తారు చెప్పు? సెలవియ్యి మామా అని అక్క ఎంత బతిమాలినా మామాది ఒకటే మాట. "ఈ ట్రిప్పు అయ్యేలోగా యాస్మిన్ ఒక్కతే పండుకోవడం నేర్చుకుంటే నువ్వు ఊరికి పో. లేదంటే సెలవు లేదు, ఖలాస్."

సిటీలో ఉన్నన్నాళ్లూ బాగానే జరిగింది. పగలంతా నది మీద పడవలో తిరిగినారు. కోలాలను చూసినారు — చెట్టును కరుచుకుని ఎప్పుడు చూసినా నిద్రేనంట, అచ్చం మా డ్రైవర్ మహేష్ మాదిరి! కంగారూలు యాస్మిన్ చేతిలోంచి మేత తిన్నాయి. అలిసిపోయి ఆ పిల్ల రాత్రికి దిండు మీద తల పెట్టడం, ఒక్కతే నిద్రపోవడం. అక్క మనసులో అప్పుడే పెట్టె సర్దేసుకుంది.

తర్వాత బీచ్‌కి పోదామన్నారు. కువైట్‌లో చూసిన సముద్రం చాలని బాబా హోటల్లోనే ఉండిపోయినాడు. ఆడోళ్లు ముగ్గురూ సిరాజ్ కారెక్కినారు. సిరాజ్ హైదరాబాదు పిల్లోడు, ఆడ టాక్సీ తోలుతాడు. ఇల్లు కనపడంగానే అక్క చెవి కాడికొచ్చి గుసగుసగా —

"గీ ఇంట్లనా అక్కా మీరుండేది? ముందుగల్ల దిగినోళ్లు పొయ్యి మీద అన్నం ఇడిసిపెట్టి ఉరికిన్రంట..."

"నోర్ముయ్యి నాయనా!" అనింది అక్క.

సాయంత్రం దాకా ఏ భయమూ లేదు. తెల్లటి ఇసుక... దూరంగా తిమింగలం ఒకటి నీళ్లలోంచి ఎగిరి దబ్బున పడితే యాస్మిన్ ఒకటే చప్పట్లు.

పొద్దు గుంకింది. యాస్మిన్ తన గదిలో పండుకుంది. ఇల్లంతా గమ్మునైపోయింది. అప్పుడు...

"వీ...లూ... వీ...లూ..."

పసిబిడ్డ ఏడుపు! పెరట్లోంచే!

యాస్మిన్ ఒక్క దూకున వచ్చి అక్క పక్కలో పడింది. "సంజీవా... జిన్..." అనింది. జిన్ అంటే వాళ్ల భాషలో దెయ్యం.

అక్కకు పానం పోయినంత పనయింది. దెయ్యానికి కాదమ్మా, సెలవుకి! ఈ రాత్రి ఈ పిల్ల నా పక్కలో పండుకుంటే నా కూతురి కాన్పు నేను చూసినట్టే, అని కండ్లలో నీళ్లు తిరిగినాయంట. దెయ్యమో భూతమో, దాన్ని ఇప్పుడే తరమాల!

లేచి వంటింట్లోకి పోయింది. ఎండుమిరపకాయలు, ఉప్పు పిడికిట్లో పట్టుకుని యాస్మిన్‌కు దిష్టి తీసింది. ఆడ నిప్పులెక్కడివి? కరెంటు పొయ్యి మీద పెనం పెట్టి, ఎర్రగా కాల్చి, అన్నీ దాంట్లో పోసింది. ముందు గదిలో మామా కూడా అదే పనిలో ఉందని అక్కకు తెలియదు. మామా కండ్లు మూసుకుని, దువా చదువుకుంటా, గుప్పెడు బుఖూర్ ధూపం వేసేసింది. ఈపక్క మిరప ఘాటు, ఆపక్క సాంబ్రాణి మాదిరి పొగ... రెండూ నడిమింట్లో కలుసుకున్నాయి.

"కీ... కీ... కీ... కీ...!"

ఈసారి అరుపు నెత్తి మీద్నుంచి! పైకప్పుకు తెల్లటి గిన్నె మాదిరి ఏదో ఉంది, అది ఎర్రగా కన్ను ఆర్పుతా అరుస్తాంది. పొగ వస్తే అది అరుస్తుందని వీళ్లకేం తెలుసు! దగ్గుకుంటా, తుమ్ముకుంటా ముగ్గురూ బయటికి ఒకటే పరుగు. ఇంట్లో పండుకోనని ఒట్టేసుకుని కారులో పండుకున్న సిరాజ్, వీళ్లను చూసి లోపల్నుంచి డోరు లాక్ చేసుకున్నాడంట. మొగోడు!

పక్కింటోళ్లు ఎవురో ఫోన్ చేసినట్టుండారు, ఫైరింజన్ వచ్చేసింది. ఒకాయన లోపలికి పోయి, ముక్కు మూసుకుని, మాడిన పెనం బయటికి తెచ్చినాడు. అంతలో పెరట్లో మళ్లీ — "వీ...లూ..."

మామా అక్కను గట్టిగా పట్టుకుంది. ఆ ఫైరాయన మాత్రం నవ్వి, పొదల మీదికి టార్చి కొట్టినాడు.

రెండు కండ్లు... ఇంతింతవి! పుల్లల్లాంటి కాళ్లు. మెదలదు, రెప్పేయదు. ఉన్నట్టుండి రెక్కలు విప్పింది. దాని కాళ్ల సందున కోడిపిల్లంత పిల్ల ఒకటి.

ఆయన చెప్పింది ఇని, సిరాజ్ కారు అద్దం కొంచెమే దించి, "పిట్టనంట అక్కా! చీకటైతే గిట్లనే ఏడుస్తదంట" అన్నాడు.

యాస్మిన్ పకపకా నవ్వింది. "నా కిటికీ పక్కనే దాని ఇల్లు!" అని మురిసిపోయి, ఎవురూ చెప్పకుండానే లోపలికి పోయి, తన మంచం మీద తానే పండుకుంది. ఒక్కతే!

అక్క కూడా పోయి వాలింది. సంతోషంతో నిద్రెక్కడ పడుతుంది? దీపాలన్నీ ఆరిపోయినాయి. పిట్ట కూడా ఊరుకుంది.

అప్పుడు... తలుపు కిర్రుమనింది.

తెల్లటి బట్ట. ఇరబోసుకున్న జుట్టు. అడుగుల చప్పుడు లేదు. మెల్లగా... మంచం కాడికొచ్చి నిలబడింది. అది వంగింది... ఇంకా వంగింది...

"సంజీవా... కొంచెం జరుగు."

మామా! చంకలో దిండు!

"పిట్ట అని వాళ్లంటారు. నాకైతే నమ్మకం లేదు," అని గుసగుసగా చెప్పి, మామా దుప్పట్లోకి దూరిపోయింది. "యాస్మిన్‌కు చెప్పొద్దు."

అక్క జరిగింది. జరిగి, ఇంతకు మించిన సమయం దొరకదని మెల్లగా అడిగింది, "మామా... మరి నా సెలవు?"

"ఇచ్చినా, పో. యాస్మిన్ ఒక్కతే పండుకుంది కదా," అనింది మామా. దుప్పటి మెడ దాకా లాక్కుని, మళ్లీ — "కానీ బిరీన వచ్చెయ్ సంజీవా. నాకెవురున్నారు? బాబా పక్కలో జిన్ను పండుకున్నా గురక పెడతానే ఉంటాడు!"

అక్క నవ్వు ఆపుకోలేక దుప్పటి నోట్లో కుక్కుకుందంట.