ఐదు కొట్టేసి ఆరు

డెరిన్‌వోనీ మలుపులో, గాఫ్నీల పాడుబడ్డ ఇంటి వెనక ఒక పందుల కొట్టం ఉంది. రాతి గోడలు, తుప్పు రేకుల కప్పు, నడుం వంచి దూరాల్సిన గుమ్మం. చీకటి పడితే ఆ మలుపులోంచి ఎవరూ నడిచి వెళ్ళరు. లీట్రిమ్ కొండల్లో నవంబరంటే సాయంత్రం ఐదు కాకుండానే చీకటి. అంటే సగం చలికాలం ఆ దారి ఉన్నా లేనట్టే.

అక్కడుండేది మూగదెయ్యం.

పేరు పెట్టి పిలవదు. వెంటపడదు. లోపల్నుంచి తలుపు మీద చేత్తో కొడుతుంది — మెల్లగా — ఆగి ఆగి... ఆ తర్వాత ఒక మూలుగు. ఊఁ... ఊఁ... అంతే. పాల బండి తోలే ఒకాయన అది విని, బండినీ గుర్రాన్నీ అక్కడే వదిలేసి పరిగెత్తాడట. చర్చి నుంచి వస్తున్న ఒకావిడ విని మూడు రోజులు జ్వరంతో లేవలేదట.

అట్రాక్టా ఈ కథ విన్నది వాళ్ళ అమ్మమ్మ డీలియా దగ్గర. డీలియా పుట్టిందీ, పెళ్ళయ్యాక మొగుణ్ణి తెచ్చుకుని కాపురం చేసిందీ ఆ గాఫ్నీల ఇంట్లోనే. పిల్లలు పొయ్యి చుట్టూ చేరితే గొంతు తగ్గించి చెప్పేది. "కొట్టం వైపు మాత్రం వెళ్ళకండర్రా. వెళ్తే ఇక నేనేం చెయ్యలేను."

ఆవిడ పోయి నలభై నాలుగేళ్ళు. ఇల్లు అప్పట్నుంచీ ఖాళీ. అట్రాక్టాకి ఇప్పుడు అరవై. ముప్పై ఏళ్ళు ఆ కొండలన్నీ తిరిగి ఉత్తరాలు పంచి, ఆ ఏడే రిటైరయింది. ఎవరికీ భయపడే మనిషి కాదు. కానీ ఆ ముప్పై ఏళ్ళలో డెరిన్‌వోనీ ఉత్తరాలు ఎప్పుడూ పొద్దున్నే ఇచ్చేసేది.

"అక్కా, ఎలాగూ ఖాళీగానే ఉన్నావుగా," అన్నాడు తమ్ముడు ఫిన్‌టన్. ఊళ్ళో అతనికో హోటలుంది. "వచ్చే జులైలో బోస్టన్ చుట్టాలు దిగుతున్నారు. మన వంశవృక్షం గీసిపెట్టు. హాల్లో గోడకి పెడదాం. ఫొటోలు దిగి మురిసిపోతారు."

సరే అని కూర్చుంది. పాత జనాభా లెక్కల కాగితాలు ఇప్పుడు కంప్యూటర్లో ఎవరైనా చూసుకోవచ్చు. పేరు కొడితే చాలు, నూరేళ్ళ కిందటి చేతిరాత కళ్ళముందు తెరుచుకుంటుంది. 1911 కాగితం దొరికింది. ఇంటి పెద్ద జేమ్స్ గాఫ్నీ. భార్య సబీనా. పిల్లలు ఐదుగురు, నడిమిది డీలియా, ఎనిమిదేళ్ళు. చిన్నప్పటి అమ్మమ్మ పేరు అలా చూస్తే అట్రాక్టాకి నవ్వొచ్చింది, కళ్ళూ చెమర్చాయి.

ఆ ఏటి కాగితంలో పెళ్ళయిన ఆడవాళ్ళకి ఒక ప్రశ్న ఉంది. ఎంతమంది పిల్లలు పుట్టారు? ఎంతమంది బతికున్నారు?

పుట్టింది ఆరుగురు.

బతికున్నది — ఐదు. ఆ ఐదు మీద ఒక అడ్డగీత. పక్కన, వేరే సిరాతో — ఆరు.

బతికున్నవాళ్ళు ఆరుగురైతే కాగితంలో ఐదుగురే ఎందుకున్నారు? లెక్క రాసిన ఆ రాత్రి ఆరో బిడ్డ ఎక్కడ పడుకుంది? ఎవరింటికైనా పనికి పంపారేమో అనుకుంది. పదేళ్ళు వెనక్కి, 1901 కాగితం తీసింది.

హ్యూబర్ట్, రెండేళ్ళు. వాడికంటే ముందు, అందరికంటే పెద్దది — వినిఫ్రెడ్, నాలుగేళ్ళు. చివరి గడిలో ఒకే ఒక్క మాట.

మూగ.

అట్రాక్టా కుర్చీలోంచి లేచి, దీపాలన్నీ వేసింది.

ఫిన్‌టన్‌కి ఫోన్ చేస్తే, "చిన్నప్పుడే పోయుంటుందిలే," అన్నాడు.

"పోతే ఆరని ఎందుకు దిద్దుతార్రా? ఆ తల్లి పక్కన నిలబడి దిద్దించి ఉంటుంది."

"వదిలెయ్యక్కా. మూగపిల్లని గోడ మీద పెట్టి ఎవరికి చూపిస్తాం?"

ఆ కాగితాలతోపాటు ఇళ్ళ లెక్క కూడా ఉంది. గాఫ్నీల ఇల్లు: గదులు మూడు. పశువుల కొట్టం ఒకటి. పందుల కొట్టం ఒకటి.

మర్నాడు మధ్యాహ్నమే వెళ్ళింది డెరిన్‌వోనీకి. పట్టపగలు వెళ్ళి పట్టపగలే వచ్చేద్దామనుకుంది. ఇంట్లో ఒక్కో గదీ ఫొటో తీస్తూ, పొయ్యి మీద చెయ్యి పెట్టి చూస్తూ, కిటికీ అద్దం నల్లబడేదాకా చీకటి సంగతే మర్చిపోయింది. బయటికొచ్చేసరికి కారు దగ్గరికి వెళ్ళాల్సిన దారి కొట్టం ముందు నుంచే.

ఫోను లైటు వేసి నడిచింది. గాలి లేదు. ఆకు కదల్లేదు.

టక్.

ఆగింది.

టక్... టక్...

లోపల్నుంచే. తలుపుకి బయట గడియ. తుప్పు పట్టిన గడియ, వేసే ఉంది. దాని వెనక ఎవరో బరువుగా ఊపిరి పీలుస్తున్నారు. ఆ తర్వాత — ఊఁ...

మరియమ్మ జపం మొదలుపెట్టి సగంలో మర్చిపోయింది. పారిపోవాలని ఒంట్లో ప్రతి ఎముకా చెబుతోంది. కానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"వినిఫ్రెడ్?"

టక్.

రెండు చేతులతో గడియ లాగింది. తలుపు ధడాల్న తెరుచుకుంది. నల్లటి తలకాయ ఒకటి ఆమె పొట్టలో గుద్ది, ఆమెని బురదలో పడేసి, చీకట్లోకి దూకింది...

గొర్రె.

వెనక గోడ కూలిన సందులోంచి దూరి ఉంటుంది. బయటికి దారి తెలియక తలుపుని కొమ్ముతో కుమ్ముతోంది పాపం. అట్రాక్టా బురదలో కూర్చుని పెద్దగా నవ్వింది. "యేసూ మరియా జోసెఫు! నూరేళ్ళ దెయ్యం గొర్రె అయిందే!"

పడిన ఫోను కోసం చెయ్యి చాపింది. అది గుమ్మం లోపల పడి, లోపలి మూలకి వెలుగు కొడుతోంది. ఆ వెలుగులో చూసింది.

మూలన పొయ్యి. రాళ్ళతో కట్టిన చిన్న పొయ్యి. పైన గోడంతా మసి.

పందులకి పొయ్యి ఎవరు కడతారు?

లైటు తిప్పింది. కిటికీ ఉండాల్సిన చోట రాళ్ళు పేర్చి మూసేశారు. తలుపు లోపలి వైపు, మనిషి మోకాళ్ళ మీద కూర్చుంటే చెయ్యి ఆనే ఎత్తులో, చెక్క అరిగిపోయి గుంటపడి ఉంది. చెయ్యి పెట్టి చూసింది. పిడికిలి సరిగ్గా పట్టింది.

ఆ దగ్గర్లో దీపమున్న ఇల్లు కాన్సెప్టాది ఒక్కటే. ఎనభై ఏడేళ్ళ మనిషి, ఒంటరిగా ఉంటుంది. బురద బట్టలతో వచ్చిన అట్రాక్టాని చూసి, "ఏమైందే పిల్లా, బావిలో పడ్డావా?" అంది.

"పెద్దమ్మా, గాఫ్నీలు పందుల్ని పెంచారా?"

"గాఫ్నీలా! సబీనాకి పంది వాసనే పడేది కాదని మా అమ్మ నవ్వేది. కూర్చో, టీ పోస్తా."

"మరి ఆ కొట్టంలో ఎవరున్నారు?"

ముసలామె చేతిలో కెటిల్ ఆగిపోయింది.

"అందరికీ తెలుసు," అంది. "ఎవరూ అనేవాళ్ళు కాదు. అంతే."

"ఏం తెలుసు?"

"మూగపిల్ల. కాస్త తిక్కగా కూడా ఉండేదిట. ఎవరైనా ఇంటికొస్తే కొట్టంలోకి, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ ఇంట్లోకి. తల్లి ఉన్నన్నాళ్ళూ అలా జరిగింది. తల్లి పోయాక మీ అమ్మమ్మకి సంబంధం కుదిరింది. ఆ రక్తంలో మూగతనం ఉందని తెలిస్తే ఎవడు చేసుకుంటాడు? ఇక లోపలికి రానివ్వలేదు."

"అయితే దెయ్యం కథ?"

"డీలియానే చెప్పేది. మేం స్కూలు నుంచి వస్తుంటే గేటు దగ్గర నిలబడి మరీ చెప్పేది. చేతిలో బంగాళాదుంపల గిన్నె ఉండేది. దెయ్యానికి దుంపలెందుకని మాలో ఒక్కరం అడగలేదు." కాన్సెప్టా కెటిల్ దించింది. పోయలేదు. "ఒకరోజు నేను తలుపు మీదికి రాయి విసిరా. ఎనిమిదేళ్ళు నాకు. లోపల కొట్టడం ఆగిపోయింది. దెయ్యాన్ని ఓడించానని పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికెళ్ళి మా అమ్మకి గొప్పగా చెప్పా. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. తలుపేసుకుని ఏడ్చింది. అప్పుడర్థమైంది నాకు."

"అర్థమయ్యాక?"

"అర్థమయ్యాక ఇంకో దారిలో స్కూలుకెళ్ళా."

రెండు వారాలు పట్టింది అట్రాక్టాకి, మరణాల రిజిస్టరులో ఆ పేజీ దొరకడానికి. 1941 ఫిబ్రవరి. వినిఫ్రెడ్ గాఫ్నీ. అవివాహిత. వయసు నలభై నాలుగు. నిమోనియా, నాలుగు రోజులు. వైద్యుడు చూడలేదు. చనిపోయేటప్పుడు దగ్గరున్నవారు: డీలియా, చెల్లెలు.

దగ్గరుంది. కనీసం ఆ ఒక్కరోజైనా దగ్గరుంది అనుకుంది అట్రాక్టా. ఆ చలికాలమంతా ఆ మాటనే పట్టుకుని బతికింది. పెళ్ళి, భయం, ఊరి నోరు — అమ్మమ్మ మాత్రం ఏం చేస్తుంది అని తనకి తనే చెప్పుకుంది. వంశవృక్షంలో మాత్రం రాసింది. తోబుట్టువుల వరసలో, అందరికంటే ముందు. వినిఫ్రెడ్, 1897 – 1941.

ఫిన్‌టన్ రెండుసార్లు చెరిపించబోయాడు. "నువ్వు చెరిపితే నేను మళ్ళీ రాస్తా," అంది. "గోడ నీదే కావచ్చు. రాత నాది."

జులైలో చుట్టాలు దిగారు. హోటలు హాలు కిటకిటలాడింది. వాళ్ళలో అందరికంటే పెద్దవాడు లియో, బోస్టన్ వెళ్ళిపోయిన హ్యూబర్ట్ మనవడు. కళ్ళజోడు పైకెత్తి గోడ మీది పేర్లన్నీ చదువుతూ చదువుతూ, ఒక్కసారిగా చంటిపిల్లాడిలా మొహం వెలిగించుకున్నాడు.

"విన్నీ! మా తాతయ్య వాళ్ళక్క! మాటలు రావుగా ఆవిడకి? తాతయ్య చచ్చిపోయేదాకా ఆవిణ్ణే తలుచుకునేవాడు." వేలితో అంకె తాకాడు. "కానీ ఇక్కడ ఏడాది తప్పు పడింది చూడండి."

"అవునవును, అచ్చుతప్పు," అన్నాడు ఫిన్‌టన్ గబగబా.

"తప్పు కాదు," అంది అట్రాక్టా. "నలభై ఒకటిలోనే పోయింది."

"ఎలా పోతుంది? తాతయ్య ఏటా చలికాలం ముందు ఆవిడకి కోటు పంపేవాడు. యాభై ఎనిమిదిలో పోయాడాయన, ఆ ఏడు కూడా పంపాడు. అవీ ఇవీ కాదు. ఆకుపచ్చ ఉన్ని, మెడకి బొచ్చు. నా చెల్లెలు చలికి తట్టుకోవాలి, అక్క ఇంకా తట్టుకోవాలి అని ఎప్పుడూ రెండు కొనేవాడట."

అట్రాక్టాకి ఆ కోట్లు తెలుసు. ప్రతి ఆదివారం చర్చిలో ముందు బెంచీలో అమ్మమ్మ. ఒకటి పాతబడకముందే పెట్టెలోంచి ఇంకొకటి. ఊరి ఆడవాళ్ళందరూ తలలు తిప్పి చూసేవాళ్ళు. ప్రార్థన మధ్యలో నిద్రొస్తే ఆ బొచ్చులోనే మొహం దాచుకుని పడుకునేది తను. ఎంత వెచ్చగా ఉండేదో!

"జవాబులన్నీ దాచుకున్నాడు తాతయ్య," అన్నాడు లియో, సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీస్తూ. "మీకిద్దామనే తెచ్చా. మీ అమ్మమ్మ రాతే. చదవండి."

పైనున్న కాగితం తీసింది. వాలుగా, శుభ్రంగా, ఒక్క కొట్టివేత కూడా లేని రాత. 1952 నవంబరు.

"ప్రియమైన హ్యూబర్ట్, కోట్లు రెండూ అందాయి. విన్నీకి సరిగ్గా కుదిరింది. పొయ్యి దగ్గర కూర్చున్నా విప్పనంటోంది. ఈ ఏడు దానికి చలన్నదే తెలియడం లేదు."