చుట్టపుచూపు శాస్త్రవేత్త

"అత్తయ్యా, చెప్పులు గుమ్మం బయట పెట్టాను. తడిగా ఉన్నాయి, జాగ్రత్త!"

"ఉప్పా? సరిపోయిందిలే అమ్మాయ్," అంది అత్తగారు, గిన్నె మీద మూత సర్దుతూ.

"ఉప్పు కాదు నానమ్మా, చెప్పులు!" సగం వేసుకున్న జడ చేత్తో పట్టుకుని చిట్టి పరుగెత్తుకొచ్చి, ఆవిడ కుడిచెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. ఆ ఇంట్లో నానమ్మ దగ్గరికి ఏ మాట వెళ్ళాలన్నా దారి ఆ కుడిచెవే. ఎడమచెవి ఎప్పుడో మూతబడింది. మిషన్ పెట్టి చూశారు గానీ, గోల పెరిగిందే తప్ప మాట తెలియలేదని ఆవిడే తీసి అలమరలో పడేసింది. అప్పట్నుంచీ చిట్టి గొంతే ఆవిడకి మిషన్.

చిట్టి తండ్రి లిఫ్ట్ మెకానిక్. పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుంటూ భార్య వైపు చూశాడు. "ఇవాళేనా మీ సారు పిలిచింది?"

"ఇవాళే."

"ఏం పేరు పెడతారో ఈసారి! సీనియర్ అయింది. ఇక సూపర్ సీనియర్ తాత్కాలికం అంటారేమో."

ఆమె నవ్వింది. నవ్వినట్టు పెదాలు కదిలాయి, అంతే.

వీధిలో అందరూ ఆమెని చేపల మేడం అంటారు. యూనివర్సిటీలో చేపల మీద ఏదో చేస్తుందని తెలుసు, ఏం చేస్తుందో తెలియదు. తప్పు వాళ్ళది కాదు. ఆమె ఉద్యోగానికి స్థిరమైన పేరంటూ ఉంటే కదా! చేరినప్పుడు ప్రాజెక్ట్ అసిస్టెంట్. తర్వాత రీసెర్చ్ అసిస్టెంట్, ఆ తర్వాత రీసెర్చ్ అసోసియేట్, ఇప్పుడు దాని ముందు ఒక సీనియర్. పేరు మారినప్పుడల్లా మెడలో కార్డు మారింది గానీ కూర్చునే బల్ల మారలేదు. పాల ప్యాకెట్ మీద ఉన్నట్టు ఆ కార్డు మీదా ఒక గడువు ఉంటుంది. ప్రొఫెసర్ల గదుల తలుపులకి ఇత్తడి పలకల మీద పేర్లుంటే, ఆమె పేరు కాగితం మీద ఉండి, టేపు ఊడినప్పుడల్లా తలుపు కింద దొరికేది.

అయినా పొద్దున్నే చేపల గది తలుపు తెరిస్తే చాలు, అవన్నీ మర్చిపోయేది. వెచ్చటి తేమ గాలి, పంపుల గుసగుస, వరసగా అరల నిండా గాజు తొట్లు. వాటిలో వేలి కణుపంత చారల చేపలు. ఆ చేపల ఒంటి మీద కంటికి కనపడనంత సన్నటి నూగు కణాలుంటాయి. నీళ్ళలో చిన్న కదలికనైనా వాటితోనే పసిగడతాయి. మనిషి చెవి లోపల ఉండి మాట వినిపించేవీ అలాంటి కణాలే. మనిషికి ఒకసారి పోతే పోయినట్టే. ఈ చేపలకి మాత్రం పోయినా మళ్ళీ మొలుస్తాయి.

ప్రాజెక్టులో అందరూ పిల్ల చేపల్ని చూస్తారు. అవి తొందరగా పెరుగుతాయి, ఫలితాలు తొందరగా వస్తాయి. ఆమె చూపు కింది అరలో ఉన్న ముసలి చేపల మీద. అవి మసకబారి, వెన్ను వంగి, నింపాదిగా ఈదుతుంటాయి. వాటిలో నూగు మొలవడం ఆలస్యమవుతోందని ఆమె కనిపెట్టింది. కొన్నింటిలో అసలు మొలవడం లేదు. ఎందుకు? ఆ ప్రశ్న ఎవరూ ఇచ్చింది కాదు. అక్కడ ఆమెది అని చెప్పుకోదగ్గది అదొక్కటే.

ప్రొఫెసర్ మంచివాడు. కుర్చీ చూపించి, తనే తలుపు వేశాడు. "చూడమ్మా, మన ప్రాజెక్టు ఈ ఏడాదితో సరి. నీ కోసం తట్టని తలుపు లేదు. చివరికి ఒకటి తెరుచుకుంది. ఆక్వేరియం ఫెసిలిటీ మేనేజర్. పర్మనెంట్."

ఆ చివరి మాట వినగానే ఆమె చెయ్యి బల్ల మీది కలం వైపు వెళ్ళింది. అంతలోనే ఆగి అడిగింది. "మరి నా ముసలి చేపలు సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. "అది సపోర్టు ఉద్యోగం అమ్మా. అన్ని ల్యాబుల చేపలూ నీ చేతికిందే ఉంటాయి. కానీ ఆ పేరు మీద సొంత పరిశోధనకి వీల్లేదు. ఆ తొట్లు ఖాళీ చేసి వేరేవాళ్ళకి ఇవ్వాల్సి ఉంటుంది. ఆలోచించుకుని చెప్పు."

సాయంత్రం భర్త కాళ్ళు కడుక్కుని వచ్చేదాకా ఆగి చెప్పింది.

"పర్మనెంటా?" తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది అతనికి. "నిజంగానా? చిట్టీ, మీ అమ్మకి పర్మనెంట్ అయిందే! ఇన్నాళ్ళకి దేవుడు కళ్ళు తెరిచాడు!"

"నేనింకా ఒప్పుకోలేదు."

"ఒప్పుకోలేదా? అంటే?"

ఆమె చెప్పుకొచ్చింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. అతను తువ్వాలు కుర్చీ మీద పడేశాడు.

"కింది అరలో నాలుగు ముసలి చేపల కోసం చేతికొచ్చిన ఉద్యోగం కాలదన్నుకుంటావా? లోకం వింటే నవ్విపోతుంది!"

"లోకానికేం తెలుసండీ?"

"నాకు తెలుసు కదా! ఏటా ఆ గడువు పొడిగించే కాగితం వచ్చే నెలలో ఈ ఇల్లెలా ఉంటుందో నీకు తెలుసా? నువ్వు అన్నం కెలికి లేచిపోతావు. చిట్టి నీ దగ్గరికి రావాలంటే జంకుతుంది. నేను జోకులేస్తాను. అవి జోకులనుకుంటున్నావా నువ్వు? భయమేసి వాగుతాను. నావల్ల కాదిక."

"నా సంగతి ఆలోచించరా మీరు? ఇన్నేళ్ళూ ఎవరి పనో చేశాను. ఇప్పుడిప్పుడే నాదంటూ ఒకటి దొరికింది. శాస్త్రవేత్తనని ఒక్కసారైనా అనిపించుకోవాలని…"

"ఏం శాస్త్రవేత్తవని?" అతని గొంతు ఖంగున లేచింది. "చేపలకి మేతేసి తొట్లు కడిగేదానివి! ఆ కడిగేదేదో పర్మనెంటుగా కడుగు!"

గోడవారన కుర్చీలో కూర్చున్న అత్తగారు కొడుకు మొహం చూసింది, కోడలి మొహం చూసింది. మాటలు వినపడకపోయినా ఏదో తెగిందని ఆవిడకి తెలిసిపోయింది.

"ఏమన్నాడే మీ నాన్న?" అని మనవరాల్ని అడిగింది.

చిట్టికి నానమ్మతో మాట్లాడే పద్ధతి ఒకటే తెలుసు. కుడిచెవి దగ్గరికి వెళ్ళి, ఒక్క మాటా వదలకుండా, వీధి చివరికి వినపడేలా అరిచింది. "అమ్మ శాస్త్రవేత్త కాదంట నానమ్మా! చేపలకి మేతేసి తొట్లు కడిగేదంట! ఆ కడిగేదేదో పర్మనెంటుగా కడగమంటున్నాడు!"

ఎదురింటి కిటికీ ఎవరో మెల్లిగా మూశారు. తన మాటలు కూతురి గొంతులో వింటుంటే అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అవన్నీ చెప్పక్కర్లేదు చిట్టీ," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"నానమ్మ అడిగింది కదా?" ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. తనేం తప్పు చేసిందో దానికి తెలియలేదు. తల్లి దగ్గరికి తీసుకుంది.

అత్తగారు కొడుకుని చేత్తో పిలిచి, ఎదురుగా నేల మీద కూర్చోమని సైగ చేసింది. కూర్చున్నాడు.

"నువ్వు రోజూ నాతో ఏం మాట్లాడతావురా? మందులేసుకున్నావా, గడియ పెట్టుకున్నావా, గ్యాస్ కట్టేశావా. అంతేగా? నీ తప్పు కాదులే. అరిచి చెప్పాలంటే ఎవరికైనా విసుగే. అవసరమైనవే అరుస్తారు. కానీ ఊరికే చెప్పుకునే మాటలుంటాయి చూడు, దారిలో ఏం కనపడింది, ఎవరు ఎవర్ని ఏమన్నారు, అవి పోయాయి నాకు. పాటలు పోయినందుకు బెంగ లేదురా. ఆ ఊరికే మాటల కోసమే నా ప్రాణం కొట్టుకుంటుంది."

అతను తలెత్తలేదు.

"నీ పెళ్ళాం మాత్రం ఇంటికి రాగానే నా ముందు కూర్చుంటుంది. పెదాలు కనపడేట్టు మెల్లిగా చెబుతుంది, ఏ చేప ఏం చేసిందో. నాకు సగం అర్థం కాదు. అర్థం కాకపోయినా మొహం చూస్తూ కూర్చుంటాను. ఆ కాసేపూ దీని మొహం ఎలా ఉంటుందో నువ్వెప్పుడైనా చూశావా?"

చూడలేదు. ఆ వేళకి అతను పెరటి కుళాయి దగ్గర చేతుల గ్రీజు వదిలించుకుంటూ ఉంటాడు. లోపలికొచ్చి అడిగేది ఎప్పుడూ ఒకటే: కాగితం సంగతి ఏమైంది?

భోజనాలయ్యాక ఆమె గిన్నెలు తుడుస్తుంటే పక్కన వచ్చి నిలబడ్డాడు. "నోరు జారాను."

"జారింది కాదండీ. చాలా రోజులుగా లోపలున్నదే బయటికొచ్చింది." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఒకటి చెప్పనా? పర్మనెంటన్న మాట వినగానే నాకూ ప్రాణం లేచొచ్చింది. సంతకం ఎక్కడ పెట్టాలని అడగబోయాను కూడా. ఏడాదేడాదీ భయపడి నేను మాత్రం అలిసిపోలేదనుకున్నారా?"

అతను ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని తనే తుడిచాడు. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచాడు. "రేపెళ్ళి అడుగు. ఏ పేరు పెడితే ఆ ముసలి చేపలు నీ దగ్గరుంటాయో అదే కావాలని అడుగు. పేరెంత చిన్నదైనా సరే. భయం సంగతంటావా, ఇద్దరం కలిసి పడదాం."

మర్నాడు ప్రొఫెసర్ ఏవేవో నిబంధనలు తిరగేశాడు. చివరికి, "ఒక్క పేరుందమ్మా, విజిటింగ్ సైంటిస్ట్. సగం పూటే. అదీ ఒక్క ఏడాదికే," అన్నాడు.

ఆమెకి నవ్వాగలేదు. "విజిటింగా సార్? ఈ భవనంలో ఏ పైపు ఎక్కడ కారుతుందో అందరూ నన్నే అడుగుతారు. ఇన్నేళ్ళు కాపురం చేశాక చుట్టపుచూపుగా వచ్చానని రాస్తారా?"

ఆయన మొహం చిన్నబోయింది. "రూల్సు అలా ఉన్నాయమ్మా. మార్చడం నా చేతిలో లేదు."

"పర్వాలేదు సార్. వెనకాల సైంటిస్ట్ అని ఉంది కదా!" అంది.

మేనేజర్ ఉద్యోగం పక్క ల్యాబు కుర్రాడికి వెళ్ళింది. చేపల గది తాళాల గుత్తి ఆమే అతని చేతిలో పెట్టింది. కొన్నాళ్ళకి ఆ తలుపు మీద అతని పేరుతో ఇత్తడి పలక వచ్చింది. అటు వెళ్ళినప్పుడల్లా, చూడకూడదనుకుంటూనే ఆమె చూసేది. ఆ రోజుల్లో ఇంటికొచ్చాక కాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు. భర్త ఎందుకని అడిగేవాడు కాదు, పక్కన కూర్చునేవాడు.

ఒక సెలవు రోజు అతనే అన్నాడు, అందరం వెళ్ళి చేపల్ని చూసొద్దామని. పెళ్ళయ్యాక అతను ఆ భవనం లిఫ్టు రెండుసార్లు బాగుచేశాడు గానీ, ఆ అంతస్తులో దిగింది మాత్రం అదే మొదటిసారి.

ఆమె మత్తిచ్చిన ఒక ముసలి చేపని మెత్తగా సర్ది సూక్ష్మదర్శిని కింద పెట్టింది, దీపాలార్పింది. అతను వంగి చూశాడు. నల్లటి చీకట్లో ఆకుపచ్చ చుక్కల్లా మెరుస్తున్న నూగు కణాలు.

"మరి ఇటు పక్కన ఖాళీగా ఉందేంటి?"

"అక్కడే నా సందేహం! చుట్టూ ఉన్న కణాలు పిలిస్తేనే కొత్తవి మొలుస్తాయి. ముసలివాటిలో ఆ పిలుపే రావట్లేదో, వచ్చినా ఇవి అందుకోలేకపోతున్నాయో…" ఆమె చేతులు తిప్పుతూ చెబుతోంది. అతను సూక్ష్మదర్శిని వదిలేసి ఆమెనే చూస్తున్నాడు. కంప్యూటర్ తెర వెలుగులో ఆ మొహం పెళ్ళినాటి కంటే లేతగా కనపడింది. ఈ మనిషితో కలిసి ఉంటూ ఈ మనిషినే ఇన్నాళ్ళు చూడలేదని అతనికి అప్పుడు తెలిసింది.

తర్వాత అత్తగారు బల్ల ముందు కూర్చుంది. చాలాసేపు చూసింది. కళ్ళు తియ్యకుండానే అడిగింది. "ఇవి మళ్ళీ మొలిచినవేనా?"

"అవును నానమ్మా!" చిట్టి అరిచింది.

"మరి నాకూ మొలుస్తాయా?"

చిట్టి నోరు తెరిచి, తల్లి వైపు చూసి, మూసేసింది. ఇన్నాళ్ళూ రోజూ ఎదురెదురుగా కూర్చుని చెప్పుకున్న కబుర్లన్నింటి కిందా ఆ ప్రశ్న ఉందని కోడలికి తెలుసు. ఎప్పుడడుగుతుందోనని భయపడుతూనే ఉంది. దీపం వేసి, అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పెదాలు స్పష్టంగా కనపడేలా, మెల్లిగా చెప్పింది.

"మొలవవు అత్తయ్యా. మీకు మొలవవు."

ఆవిడ ఆ పెదాల వైపే చూస్తూ ఉండిపోయింది, ఇంకో మాటేదైనా వస్తుందేమోనన్నట్టు. కొడుకు గోడ వైపు తిరిగి కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఎవరికైనా మొలుస్తాయా, ఎప్పటికైనా?"

"తెలియదు. అదే తెలుసుకోవాలని."

ఆవిడ కోడలి తడిసిన చెంప మీద అరచెయ్యి ఆనించింది. "ఏడవకు. అబద్ధం చెప్పావు కాదు, అది చాలు," అంది. తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుని మళ్ళీ వంగింది.

"ఆ దీపం ఆర్పమ్మాయ్. ఇంకాసేపు చూస్తాను."